ఇంత కవచం కట్టుకుని ఆడేది మొరటు ఆట ఎలా అవుతుంది?

కూతపెట్టు_కోటి
మా బావమరిది న్యూజెర్సీలో ఉంటాడు. సెలవులకి వచ్చినప్పుడల్లా ఒకటే సోది, అమెరికన్ ఫుట్‌బాల్ అంత కఠినమైన ఆట భూమ్మీద లేదట. వాడి పోరు పడలేక సోమవారం పొద్దున్నే లేచి వాడి ఫోన్‌లో ఒక మ్యాచ్ మొత్తం చూశాను. నాకైతే నవ్వొచ్చింది. నెత్తిన హెల్మెట్, భుజాల మీద డిప్పలు, నోట్లో రబ్బరు ముక్క, తొడలకీ మోకాళ్లకీ మెత్తలు. నాలుగైదు సెకన్లు తోసుకుంటారు, ఈల వేయగానే ఆగిపోతారు, గుంపుగా చేరి గుసగుసలాడుకుంటారు, ఈలోపు ట్రక్కుల ప్రకటన వస్తుంది. మా కబడ్డీలో బనీను, నిక్కరు, మహా అయితే మోకాలికి ఓ పట్టీ. కూత పెడుతూ వెళ్లినవాడి మీద ఏడుగురు పడి చీలమండ పట్టుకుని ఈడుస్తారు. దమ్ము ఎవరికి కావాలో మీరే చెప్పండి.

ఇదే మాట బావమరిదితో అంటే అలిగి రాత్రి భోజనానికి రాలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

రెడ్‌జోన్_రవి
ఆ బావమరిది నేను కాదు, ముందే చెప్తున్నా.

మూడు గంటల ప్రసారంలో బంతి కదిలేది దాదాపు 11 నిమిషాలే. వాల్‌స్ట్రీట్ జర్నల్ వాళ్లు ఒకప్పుడు కూర్చుని లెక్కేశారు, ఆ సంగతి కాదనను. కానీ బంతి వెంట కళ్లు తిప్పితే ఈ ఆటలో ఏం జరుగుతోందో తెలియదు కోటి గారూ. ఈసారి బంతిని వదిలేసి, మధ్యలో చెయ్యి నేలకి ఆనించి వంగి ఉండే ఐదుగురిని చూడండి. ఆఫెన్సివ్ లైన్ అంటారు. ఒక్కొక్కడు 140 కిలోలకి అటూ ఇటూ. ఎదురుగా ఉన్నవాడూ దాదాపు అంతే. బంతి వెనక్కి అందిన క్షణం ఇద్దరూ గుద్దుకుంటారు. ఒక్క మ్యాచ్‌లో అలా అరవై పైచిలుకు సార్లు. పరుగెత్తేవాడికి బంతి అందకపోతే ఆ ప్లేలో (ఈల పడేదాకా సాగే ఒక విడతలో) దెబ్బ తప్పొచ్చు. లైన్‌లో నిలబడ్డవాడికి ఏ ప్లేలోనూ తప్పదు.

పల్లీల_పొట్లం
11 నిమిషాల పనికి మూడు గంటలా. మా ఆఫీసు మీటింగులు కూడా ఈ ఆట పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లే నడుపుతున్నట్టున్నారు.

రగ్బీ_రాజు
నేను కోటి గారి పార్టీ. హైదరాబాద్‌లో క్లబ్ తరఫున రగ్బీ ఆడినవాణ్ణి. 80 నిమిషాలు, ప్యాడ్లు లేవు, ప్లేకీ ప్లేకీ మధ్య కబుర్లు లేవు. టాకిల్ చేస్తే, అంటే బంతి ఉన్నవాణ్ణి పడగొట్టాలంటే, చేతులతో చుట్టి పట్టుకోవాలి. ఊరికే భుజంతో వచ్చి గుద్దితే పెనాల్టీ, మెడ పైన తగిలితే కార్డు. వీళ్లు హెల్మెట్ ఉంది కదా అని తలకాయతో పొడుచుకుంటారు. అది ధైర్యం కాదు, రక్షణ ఉందన్న ధీమా.

ఫిజియో_పద్మజ
రాజు గారు వెక్కిరించబోయి అసలు సంగతి పట్టేశారు. సరిగ్గా ఆ ధీమాతోనే వస్తోంది చిక్కంతా.

నేను ఒహాయోలో ఒక హైస్కూల్ జట్టుకి అథ్లెటిక్ ట్రైనర్‌ని. ట్రైనర్ అంటే వ్యాయామం చేయించే మనిషి అనుకుంటారు మనవాళ్లు. మా పని చీలమండలకి టేపు చుట్టడం, ఐసు పెట్టడం, దెబ్బ తగిలిన కుర్రాడు మళ్లీ మైదానంలోకి వెళ్లొచ్చో లేదో తేల్చడం.

హెల్మెట్ ఉన్నది పుర్రె పగలకుండా. ఆ పని అది చక్కగా చేస్తుంది. కానీ మెదడు పుర్రెకి అతుక్కుని ఉండదు, ద్రవంలో తేలుతూ ఉంటుంది. వేగంగా వస్తున్న తల ఠక్కున ఆగినా, మెడ మీద గిర్రున తిరిగినా, లోపల మెదడు మాత్రం కదులుతూనే ఉంటుంది. సాగుతుంది, మెలిపడుతుంది. బయట ఎంత మెత్త పెట్టినా దాన్ని పూర్తిగా ఆపలేం. పైగా నొప్పి తెలియదు కాబట్టి కుర్రాడు ఇంకా గట్టిగా వెళ్తాడు. వట్టి తలతో ఎవడైనా అలా వెళ్తాడా?

సీజన్ సగంలో ఏ లైన్‌మ్యాన్ హెల్మెట్ అయినా చేతిలోకి తీసుకుని చూడండి. నుదుటి మీదుండే భాగమంతా రంగు గీతలు. ఎరుపు, ఊదా, ముదురు ఆకుపచ్చ. అన్నీ అవతలి జట్ల హెల్మెట్ల రంగులే. తుడవమంటే తుడవరు. ఏ గీత ఏ స్కూలుదో నాకు వేలు పెట్టి చూపిస్తారు.

పాత_పేపర్
పద్మజ గారు చెప్పినదానికి చరిత్రలో సాక్ష్యం ఉంది. 1905లో ఈ ఆట దాదాపు మూతబడే స్థితికి వచ్చింది. అప్పుడు హెల్మెట్లు లేవు, ఉన్నా తోలు టోపీలే. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని మూకుమ్మడిగా ఎదుటివాడి మీద పడేవారు. ఆ ఒక్క ఏడాదిలో పద్దెనిమిది, పందొమ్మిది మంది కుర్రాళ్లు చనిపోయారని అప్పటి పత్రికల లెక్క. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లని వైట్‌హౌస్‌కి పిలిచి, పద్ధతి మార్చుకోండని గట్టిగా చెప్పాడు. 1906లో నియమాలు మారాయి. మీరు టీవీలో చూసే ఆ ముందుకి విసిరే పాస్ అప్పుడే చట్టబద్ధమైంది. అంటే ఆటకి అంత అందం తెచ్చిన పాస్ మొదట పుట్టింది మనుషులు చావకుండా ఉండటానికి.

తర్వాత గట్టి ప్లాస్టిక్ హెల్మెట్లు వచ్చాయి. చావులు తగ్గాలి కదా? 1968లో నేరుగా ఆట దెబ్బలకే 36 మంది పోయారు. హెల్మెట్ గట్టిపడ్డాక తల వంచి పొడవడం నేర్పారు కోచ్‌లు. అలా పొడిచినవాడి మెడ విరిగేది. 1976లో స్కూళ్లలో, కాలేజీల్లో తలతో పొడవడాన్ని నిషేధించాకే మెడ విరిగి మంచాన పడే కేసులు బాగా తగ్గాయి. మెరుగైన హెల్మెట్ చేయలేని పనిని ఒక నియమం చేసింది.

కూతపెట్టు_కోటి
ఇదంతా వింటే ప్రమాదం ఎక్కువని ఒప్పుకోవచ్చు. ప్రమాదం వేరు, దమ్ము వేరు. కరెంటు తీగ పట్టుకోవడం కూడా ప్రమాదమే.

ఓరుగల్లు_శీను
కోటన్నా, నువ్వు లాయర్ కావాల్సినోడివి.

దమ్ము సంగతి అంటున్నవు కదా, విను. జాక్ యంగ్‌బ్లడ్ అని రామ్స్ జట్టోడు. 1979 సీజన్ ప్లేఆఫ్స్‌ల కాలు విరిగింది. పిక్క ఎముక. కట్టు కట్టుకొని ఆ మ్యాచూ ఆడిండు, తర్వాత మ్యాచూ ఆడిండు, సూపర్ బౌల్ ఫైనల్ గూడా అదే కాలుతోని ఆడిండు. రానీ లాట్ అని ఇంకొకడు. ఎడమ చిటికెన వేలు కొస నుజ్జయింది. ఆపరేషన్ చేసి అతికిస్తే చాలా రోజులు కూసోవాలని, ఆ కొస తీసెయ్యమన్నడు. తీసేసిన్రు. కబడ్డీల వేలు కోసుకున్నోడు ఉన్నడా చెప్పు.

పల్లీల_పొట్లం
మా ఆవిడ పక్కన కూర్చుని చదువుతోంది. "చిటికెన వేలు పోయినా ఆఫీసుకి వెళ్లాడు, మీరు జలుబుకే సెలవు పెడతారు" అంది. శీను గారూ, మీ సాయం మర్చిపోను.

రెడ్‌జోన్_రవి
శీను, ఆ లిస్టులో అలెక్స్ స్మిత్ లేకపోతే ఎలా? వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు. 2018 నవంబర్ 18న కుడికాలి రెండు ఎముకలూ విరిగాయి, ఒకటి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. సరిగ్గా 33 ఏళ్ల కింద, అదే నవంబర్ 18న, అదే వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థైస్‌మన్ కాలు కూడా అలాగే విరిగింది. ఆ రోజు థైస్‌మన్ స్టేడియంలోనే కూర్చుని చూస్తున్నాడు.

స్మిత్‌కి విరగడంతో ఆగలేదు. మాంసాన్ని తినేసే ఇన్‌ఫెక్షన్ పట్టింది, రక్తం విషమైంది. కాలు తీసేయాలా వద్దా అన్నదాకా వెళ్లింది. మొత్తం 17 ఆపరేషన్లు. తొడ కండ తెచ్చి పిక్కకి అతికించారు. 2020 అక్టోబర్‌లో మళ్లీ మైదానంలోకి దిగాడు. కాసేపటికే ఎదుటి జట్టు ఆరన్ డొనాల్డ్ వెనకనుంచి వీపు మీద ఎక్కాడు. లీగ్‌లో అతన్ని మించిన బలశాలి లేడప్పుడు. పైన స్టాండ్‌లో స్మిత్ భార్యా పిల్లలు. నేను సోఫాలోంచి లేచి నిలబడ్డా. కాలు నిలబడింది.

నంబర్64
ఎన్‌ఎఫ్‌ఎల్ కథలు బానే ఉన్నాయి, మామూలు మనిషి ముక్క ఒకటి చెప్తా. చిన్నప్పుడే అమ్మానాన్నలతో టెక్సస్ వచ్చా. హైస్కూల్లో లెఫ్ట్ గార్డ్, రవి గారు చెప్పిన ఆ ఐదుగురిలో ఒకణ్ణి. పేరు ఎవరికీ తెలియని పొజిషన్. స్టేడియంలో మీ పేరు మైకులో వినబడిందంటే మీరు ఫౌల్ చేశారని అర్థం.

ఆగస్టులో ప్రాక్టీస్ మొదలు. నెల్లూరు ఎండ చూసినవాళ్లకి ఎండ గురించి చెప్పక్కర్లేదు, కాకపోతే నెల్లూరులో ఎవరూ హెల్మెట్, ప్యాడ్లు వేసుకుని మిట్టమధ్యాహ్నం మనుషుల్ని తోయరు. చెమటకి లోపలి బనీను పిండితే నీళ్లు కారేవి. కోచ్ నన్ను చూసి ఇంకో పదిహేను కిలోలు పెరగమన్నాడు. మా ఇంట్లో గుడ్డు కూడా వండరు. అమ్మ పప్పులో నెయ్యి పెంచింది, పెరుగన్నం గిన్నె సైజు మార్చింది, నేను స్కూల్లో పీనట్ బటర్ సీసాలు ఖాళీ చేశా. పెరిగా. తర్వాత ఆ బరువు దించడానికి ఆటకంటే ఎక్కువ కష్టపడ్డా.

శుక్రవారం రాత్రి మ్యాచ్. అప్పుడు ఏమీ తెలియదు. శనివారం పొద్దున్న తెలుస్తుంది. మెడ పక్కకి తిరగదు. మంచం మీంచి లేవాలంటే ముందు దొర్లి, మోకాళ్ల మీద కూర్చుని, అప్పుడు లేవాలి. వేళ్లు ముడుచుకోవు, ఎదుటివాడి ఛాతీ ప్యాడ్ పట్టుకుని పట్టుకుని కణుపులన్నీ వాచి ఉంటాయి. చొక్కా తలమీంచి వేసుకోలేక గుండీల చొక్కా వేసుకునేవాణ్ణి. అమ్మ అమృతాంజనం రాస్తూ తిట్టేది, తిడుతూ రాసేది. పది గంటలకి మళ్లీ స్కూలుకి వెళ్లి వీడియో చూడాలి, ఎవడు ఎక్కడ తప్పు చేశాడో.

కోటి గారికి ఒక్క మాట. పెద్ద దెబ్బ తిని లేవడం కష్టం కాదు, అప్పుడు ఒళ్లంతా కాగి ఉంటుంది. మంగళవారం ప్రాక్టీస్‌కి ఆ వాచిన వేళ్లతో గ్లవ్స్ తొడుక్కోవడం ఉంది చూడండి, అది కష్టం. చూసేవాళ్లు కూడా ఉండరు.

ఇప్పుడు కారులో ఎడం పక్క సీటు బెల్టు ఎడం చేత్తో లాగలేను. కుడిచేత్తో లాక్కుంటా.

కూతపెట్టు_కోటి
64 తమ్ముడూ, ఆ మంగళవారం ముక్క బావుంది. మా కబడ్డీ కుర్రాళ్లకీ ఉంటుందది, కాకపోతే మాకు వీడియో చూపించే కోచ్ లేడు, తిట్టే కోచ్ ఉన్నాడు.

మరి తల సంగతి? నీకెప్పుడైనా తగిలిందా?

నంబర్64
కళ్ల ముందు తెల్లగా మెరవడం చాలాసార్లు. దాన్ని దెబ్బ అని లెక్కపెట్టం మేము. ఒకసారి తర్వాతి ప్లే ఏంటో మర్చిపోయా, పక్కవాణ్ణి అడిగి వెళ్లి నిలబడ్డా. ట్రైనర్‌కి చెప్పలేదు. చెప్తే కూర్చోబెడతారు, ఇంకోడు ఆ చోట్లోకి వస్తాడు.

ఫిజియో_పద్మజ
నాకు బీపీ పెంచేది ఇదే. సీజన్‌కి ముందు కంప్యూటర్ మీద ఒక పరీక్ష పెడతాం, గుర్తుపెట్టుకోవడం, వేగం అవీ చూడటానికి. దెబ్బ తగిలాక మళ్లీ పెట్టి పోల్చుకుంటాం. తెలివైనవాళ్లు కొందరు ముందు పరీక్షలోనే కావాలని తక్కువ తెచ్చుకుంటారు, దెబ్బ తగిలాక తేడా కనబడకుండా.

లెక్కల_రావు
మీరంతా చదువుతుంటే హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడిన ప్రతివాడికీ మతి పోతుందనిపిస్తోంది. అమెరికాలో ఏటా పది లక్షల మంది దాకా పిల్లలు స్కూళ్లలో ఆడతారు. 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లు చూస్తే 110 మందిలో సీటీఈ ఉందని వచ్చింది. అందరూ 99 శాతం అని పరుగులు పెట్టారు. ఆ మెదళ్లు ఎవరివి? బతికుండగా లక్షణాలు చూసి అనుమానం వచ్చిన కుటుంబాలు దానం చేసినవి. దాన్నిబట్టి ఆడినవాళ్లలో ఎంతమందికి వస్తుందో చెప్పలేం. ఈ మాట ఆ పరిశోధకులే రాశారు.

రగ్బీ_రాజు
సీటీఈ అంటే?

ఫిజియో_పద్మజ
తలకి పదేపదే దెబ్బలు తగలడం వల్ల ఏళ్లు గడిచాక మెదడులో వచ్చే క్షీణత. టావ్ అనే ప్రొటీన్ మెదడు మడతల అడుగున, సన్న రక్తనాళాల చుట్టూ పేరుకుపోతుంది. కోపం, మతిమరుపు, దిగులు, ఆఖరికి మతి చలించడం. చనిపోయాక మెదడు కోసి చూస్తే తప్ప ఇప్పటికీ కచ్చితంగా తేల్చలేరు. 2002లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు పాత సెంటర్ (లైన్ మధ్యలో ఆడేవాడు) మైక్ వెబ్‌స్టర్ చనిపోతే, అక్కడ పనిచేస్తున్న బెనెట్ ఒమాలు అనే నైజీరియా డాక్టర్ వెబ్‌స్టర్ మెదడు తీసి చూశాడు. అక్కడ మొదలైంది ఈ గొడవంతా.

రావు గారూ, మీ అభ్యంతరం సరైనదే. అందుకే ఆ బోస్టన్ వాళ్లే 2019లో ఇంకోలా చూశారు. దానం చేసిన 266 మెదళ్లని ఒకదానితో ఒకటి పోల్చారు, ఎవరు ఎన్నేళ్లు ఆడారని. ఆడిన ప్రతి ఏడాదికీ సీటీఈ వచ్చే అవకాశం 30 శాతం పెరుగుతూ వచ్చింది. ఎక్కువ ఏళ్లు ఆడిన కొద్దీ ఎక్కువ. ఎన్నిసార్లు స్పృహ తప్పాడన్న లెక్క కంటే ఎన్నేళ్లు తల తగులుతూ వచ్చిందన్నది ముఖ్యం. అంటే 64 గారు లెక్కపెట్టని ఆ తెల్లటి మెరుపులు, ఆ మెరుపు కూడా రాని చిన్న గుద్దులు.

లెక్కల_రావు
అది ఒప్పుకుంటా. మోతాదు పెరిగితే ఫలితం పెరగడం బలమైన ఆధారమే. కానీ మూడేళ్లు ఆడినవాడికీ ఇరవయ్యేళ్లు ఆడినవాడికీ ఉన్న తేడా కూడా అందులోనే ఉంది. భయపెట్టేటప్పుడు అదీ చెప్పాలి.

పాత_పేపర్
లీగ్ చేసిన నిర్వాకం కూడా చెప్పాలి రావు గారూ. 1994లో తల దెబ్బల మీద ఎన్‌ఎఫ్‌ఎల్ ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు ఎవరనుకున్నారు? కీళ్లవాతం డాక్టరు. ఏళ్ల తరబడి ఏం ఫర్వాలేదని వ్యాసాలు రాయించుకున్నారు. ఫుట్‌బాల్‌కీ సీటీఈ లాంటి జబ్బులకీ సంబంధం ఉందని ఎన్‌ఎఫ్‌ఎల్ ఉన్నతాధికారి ఒకరు అమెరికా కాంగ్రెస్ ముందు ఒప్పుకునేసరికి 2016. ఈలోపు వేలమంది పాత ఆటగాళ్లు కేసు వేశారు, 2013లో 76.5 కోట్ల డాలర్లకి ఒప్పందం కుదిరింది, తర్వాత ఆ పరిమితీ తీసేయాల్సి వచ్చింది. అందులోనూ ఒక దిక్కుమాలిన పని. నల్లజాతి ఆటగాళ్ల మెదడు మొదటినుంచే తక్కువ స్థాయిలో ఉంటుందని లెక్కవేసి, నష్టం తక్కువ చూపించి పరిహారం ఎగ్గొట్టే పద్ధతి వాడారు. బయటపడి రచ్చ అయ్యాక 2021లో మానుకుంటామన్నారు.

ఓరుగల్లు_శీను
థూ.

రగ్బీ_రాజు
అందుకే అన్నా, రగ్బీ మేలు అని.

ఫిజియో_పద్మజ
రాజు గారూ, అక్కడ ఆగండి. స్టీవ్ థాంప్సన్ 2003లో ఇంగ్లండ్‌కి ప్రపంచకప్ తెచ్చిన జట్టులో హుకర్ అనే స్థానంలో ఆడినవాడు. నలభై దాటగానే మతి తప్పే జబ్బు అని తేలింది. కప్పు గెలిచిన రోజు గుర్తులేదని ఆయనే చెప్పారు. రగ్బీ వాళ్లూ కోర్టుకి వెళ్లారు. హెల్మెట్ తీసేస్తే సరిపోదు, గుద్దుకోవడం తగ్గాలి.

రెడ్‌జోన్_రవి
అందరూ డాక్టర్లయిపోయారు. కొంచెం ఆట వైపు కూడా మాట్లాడండి. మార్పులు వస్తున్నాయి. 2022 నుంచి ప్రాక్టీస్‌లో లైన్‌మెన్ హెల్మెట్ మీద మెత్తటి టోపీ పెట్టుకోవాలి, గార్డియన్ క్యాప్ అంటారు. 2024 నుంచి మ్యాచ్‌ల్లోనూ పెట్టుకోవచ్చు. చూడటానికి పుట్టగొడుగులా ఉంటుంది కాబట్టి పెట్టుకునేవాళ్లు తక్కువ. అదే ఏడాది కిక్‌ఆఫ్ పద్ధతి మార్చారు, ఇదివరకు రెండు జట్లూ మైదానం రెండు కొసల నుంచి పరుగెత్తుకొచ్చి గుద్దుకునేవి.

2023 జనవరిలో బఫలో జట్టు సేఫ్టీ (వెనక వరస డిఫెండర్) డమార్ హామ్లిన్ సిన్సినాటిలో టాకిల్ చేసి లేచి నిలబడి, అలాగే వెనక్కి పడిపోయాడు. ఛాతీకి దెబ్బ తగిలి గుండె ఆగింది. మైదానంలోనే గుండె నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. తర్వాతి సీజన్‌కి మళ్లీ ఆడాడు. దాన్ని ఏమంటారు కోటి గారూ?

కూతపెట్టు_కోటి
బతికించినవాళ్లకి దమ్ముంది అంటా.

పాత_పేపర్
మళ్లీ ఆడినవాళ్లనే పొగుడుతున్నారు, ఆపేసినవాళ్ల మాట ఎవరూ ఎత్తరేం? క్రిస్ బోర్లాండ్ ఫోర్టీనైనర్స్ జట్టులో లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ లైన్ వెనక నిలబడేవాడు), మొదటి సీజన్ బ్రహ్మాండంగా ఆడాడు. 2015లో 24 ఏళ్లకే ఇక చాలన్నాడు, తల గురించి చదువుకుని. సంతకం చేసినప్పుడు ఇచ్చిన బోనస్‌లో చాలా భాగం వెనక్కి ఇచ్చాడు. కోల్ట్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ 2019లో 29 ఏళ్లకి మానేశాడు. భుజం, పక్కటెముకల మృదులాస్థి, పొట్ట కండరం, తల దెబ్బ. ఒకసారి మూత్రపిండం చీలి మూత్రంలో రక్తం పడింది. దెబ్బ, చికిత్స, మళ్లీ దెబ్బ అనే చక్రం నుంచి బయటపడలేకపోతున్నానని ఏడుస్తూ చెప్పాడు. ఆ రాత్రి మైదానం వదిలి వెళ్తుంటే సొంత అభిమానులే వెక్కిరిస్తూ అరిచారు. వెళ్లిపోవడానికీ గుండె కావాలి.

రెడ్‌జోన్_రవి
ఆ అరుపులకి నేను ఫ్యాన్‌గా ఇప్పటికీ సిగ్గుపడతా. కానీ జిమ్ ఒట్టో గురించి కూడా వినండి. రైడర్స్ సెంటర్, 15 సీజన్లలో ఒక్క మ్యాచ్ మానలేదు, 210 ఆడాడు. తర్వాత జీవితమంతా ఆపరేషన్లు, డెబ్బైకి పైనే. 2007లో కుడికాలు తీసేశారు. అయినా మళ్లీ అవకాశం వస్తే ఆడతానన్నాడు. వాళ్లని బలవంతం చేశారనడం వాళ్లని చిన్నబుచ్చడమే.

నంబర్64
రవి గారూ, సగం నిజం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చాలామంది కాంట్రాక్టులో డబ్బు పూర్తి గ్యారంటీ ఉండదు. వాచిన మోకాలితో కూర్చుంటే వచ్చే వారం మీ చోట్లో ఇంకొకడు. మూడు సీజన్లు నిండితే తప్ప పెన్షన్ లేదు, మామూలు ఆటగాడి కెరీర్ సగటున మూడేళ్ల చిల్లర. అలాంటివాడు మ్యాచ్ ముందు నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ కోసం క్యూలో నిలబడితే, అది దమ్మో అవసరమో నేను చెప్పలేను. స్మిత్ సంగతి వేరు, అతని డబ్బు చాలావరకు గ్యారంటీ. అతను నిజంగా ఆట కోసమే వచ్చాడు.

ఫ్రిస్కో_అమ్మ
ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాయలేదు. మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. డాలస్ కౌబాయ్స్ జట్టు ఆఫీసు, ప్రాక్టీస్ మైదానం మా ఇంటికి దగ్గరే. వాళ్ల ఇండోర్ స్టేడియంలోనే మా ఊరి హైస్కూల్ పిల్లలు మ్యాచ్‌లు ఆడతారు. మావాడు ఎనిమిదో తరగతి. వచ్చే ఏడు ఫుట్‌బాల్ ఆడతానని ఫారం తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాడు. మావారు సంతకం పెడదామంటున్నారు, "వాడికి స్నేహితులు దొరుకుతారు, ఒళ్లు గట్టిపడుతుంది" అని. మా అత్తగారు ఫోన్‌లో ఒకటే ఏడుపు. నేను మధ్యలో. పద్మజ గారూ, మీ పిల్లాడైతే పంపుతారా?

పల్లీల_పొట్లం
కిక్కర్‌గా పంపండి అక్కా. బంతిని తన్నాలి, బెంచీ మీద కూర్చోవాలి. బట్టలు కూడా మాసిపోవు.

రెడ్‌జోన్_రవి
నవ్వకండి, మన పిల్లలు చాలామంది చేరేది అలాగే.

ఫిజియో_పద్మజ
పంపను. మా ఇంట్లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ వరకే. నడుముకి కట్టిన గుడ్డ పీలిక లాగితే టాకిల్ అయినట్టు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కూడా అదే పెడుతున్నారు. కానీ ఇది నా ఇంటి నిర్ణయం, రోజూ దెబ్బలే చూసే మనిషి నిర్ణయం.

మీరు పంపేట్టయితే సంతకం ముందు కోచ్‌ని కొన్ని అడగండి. టెక్సస్‌లో సీజన్ నడుస్తున్నప్పుడు ఒక్కో కుర్రాడికి వారానికి ఇన్ని నిమిషాలకి మించి పూర్తి గుద్దుళ్ల ప్రాక్టీస్ ఉండకూడదని పరిమితి ఉంది. అది ఎవరు లెక్కపెడుతున్నారు? తలకి తగిలిందన్న అనుమానం వస్తే ఆ రోజు మళ్లీ దింపకూడదు, డాక్టర్ రాసిచ్చాకే మెట్టుమెట్టుగా తిరిగి మొదలుపెట్టాలి, అది 2011 నుంచి అక్కడ చట్టం. ప్రాక్టీస్ రోజు మైదానంలో ట్రైనర్ ఉంటారా, మ్యాచ్ రోజు మాత్రమేనా? ముఖ్యంగా ఎండ. మైదానం పక్కన ఐసు నీళ్ల తొట్టె ఉందా? 2001లో మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ వడదెబ్బతో ప్రాక్టీస్ క్యాంప్‌లో కూలి చనిపోయాడు. 150 కిలోల మనిషి. వడదెబ్బ తగిలితే అంబులెన్స్ ఎక్కించే ముందు అక్కడే చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. తొట్టె ఎక్కడుందని అడిగితే చూపించడానికి ఐదు నిమిషాలు వెతికే స్కూల్లో వేయకండి.

లెక్కల_రావు
అక్కా, నేనైతే పంపుతా. నాలుగేళ్లు స్కూల్లో ఆడి మానేసేవాడికీ ప్రొఫెషనల్‌కీ చాలా దూరం. పన్నెండేళ్లలోపు టాకిల్ ఆడలేదు కదా, అది మంచిదే. ఇంట్లో కూర్చుని ఫోన్ చూస్తూ పెంచుకునే బరువుకి కూడా లెక్కలున్నాయి, అవి ఎవరూ ఇలా భయపెట్టేలా రాయరు.

ఫిజియో_పద్మజ
ఫోన్‌కీ ఫుట్‌బాల్‌కీ మధ్య ఈత, పరుగు, టెన్నిస్ ఉన్నాయి రావు గారూ.

లెక్కల_రావు
ఉన్నాయి. పిల్లాడు ఫ్రిజ్ మీద అంటించింది టెన్నిస్ ఫారం కాదు.

కూతపెట్టు_కోటి
అమ్మా, మావైపు పంపండి, కబడ్డీ నేర్పిస్తా. మోకాలు తప్ప ఏమీ పోదు.

ఓరుగల్లు_శీను
ఫుట్‌బాల్‌ గూడా ఇటు వచ్చిపోయింది తెలుసా? 2012 ప్రాంతంల ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని పెట్టిన్రు. హైదరాబాద్ స్కైకింగ్స్ అని మన జట్టు. మ్యాచ్‌లేమో శ్రీలంకల ఆడిచ్చిన్రు. మా దోస్తుగాళ్లల్ల ఒక్కడు గూడ చూడలే.

మోడరేటర్
కబడ్డీ, రగ్బీ, ఫుట్‌బాల్‌లో ఏది గొప్పో తేల్చడానికి వేరే దారం తెరవండి. ఇక్కడ ఫ్రిస్కో_అమ్మ గారి ప్రశ్నకి సమాధానాలు రానివ్వండి.

ఫ్రిస్కో_అమ్మ
అందరికీ థాంక్స్. పద్మజ గారి ప్రశ్నలు ఫోన్‌లో రాసుకున్నా. గురువారం స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్ ఉంది, తొట్టె ఎక్కడుందని మొదటే అడుగుతా. మావాడికి 64 గారి పోస్టు చదివి వినిపించా, భయపడతాడేమోనని. శనివారం పొద్దున్న లేవలేకపోవడం, వేళ్లు వాయడం అంతా విని "కూల్" అన్నాడు. ఏం చెయ్యాలి వీణ్ణి? వాడికి లైన్‌బ్యాకర్ కావాలట.

నంబర్64
నేను చెప్పని ముక్క కూడా వాడికి వినిపించండి. తర్వాతి ప్లే మర్చిపోయిన రోజు ఇంటికెళ్లాక అమ్మ ఏం వండిందో కూడా గుర్తులేదు. తల తిరిగినా, మెరుపు వచ్చినా నోరు తెరిచి ట్రైనర్‌కి చెప్తానని మాట ఇస్తే తప్ప సంతకం పెట్టకండి.

లైన్‌బ్యాకర్ సంగతి అంటారా, అది వాడి చేతుల్లో లేదు. నేను క్వార్టర్‌బ్యాక్ అవుదామని వెళ్లా. మొదటిరోజు కోచ్ నన్ను విసరమని కూడా అనలేదు. తూకం మెషీన్ ఎక్కమన్నాడు, అంకె చూశాడు, లైన్ వైపు చెయ్యి చూపించాడు.